రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా: ఒక ఔత్సాహిక రేడియో సంఘం చరిత్ర

రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా న్యూయార్క్ నగరంలో 1909 జనవరి 2న ఏర్పడిన ఔత్సాహిక రేడియో సంఘం. పుట్టినప్పుడు దీని పేరు జూనియర్ వైర్‌లెస్ క్లబ్ లిమిటెడ్. బడికి వెళ్లే వయసు కుర్రాళ్లు కొద్దిమంది కలిసి పెట్టుకున్న ఈ క్లబ్బు నూరేళ్లు దాటినా మూతపడలేదు. ప్రపంచంలోని అతి పాత రేడియో సంఘాల్లో ఇదొకటి. 1910లో అమెరికన్ సెనేట్ ముందు ఔత్సాహికుల తరఫున వాదించింది. 1921లో దీని సభ్యులు ఒక చిన్న కేంద్రం నుంచి పంపిన సందేశం అట్లాంటిక్ సముద్రం దాటి స్కాట్లాండ్ చేరింది. ఎఫ్.ఎం. రేడియోను మొదటిసారి పదిమందికీ వినిపించింది కూడా ఈ క్లబ్బు సభ్యుడి ఇంట్లోని స్టేషనే. ఇరవయ్యో శతాబ్దపు రేడియో విద్యలో ముఖ్యమైన మలుపులు కొన్ని ఒక ఊళ్లోని స్నేహితుల గుంపులో మొదలయ్యాయని చెప్పడానికి ఈ క్లబ్బు చరిత్రే సాక్ష్యం.

ఔత్సాహిక రేడియో అంటే

డబ్బు సంపాదన కోసం కాకుండా, సొంత ఆసక్తితో, సొంత పరికరాలతో రేడియో సంకేతాలు పంపుతూ అందుకుంటూ ఉండటమే ఔత్సాహిక రేడియో. దీన్ని అమెచ్యూర్ రేడియో అనీ, హామ్ రేడియో అనీ అంటారు. ఇందులో పాల్గొనేవారిని హామ్‌లు అంటారు. ప్రతి హామ్ ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుతో పాటు కొన్ని అక్షరాలు, అంకెలు కలిసిన కాల్ సైన్ ఇస్తారు. గాలిలో హామ్‌కు అదే ఇంటిపేరు. ఎవరితోనైనా తొలిసారి మాట్లాడాక, మాట్లాడినట్టు రుజువుగా పోస్టు కార్డులు పంపుకోవడం ఈ లోకంలో పాత ఆచారం.

హామ్ తన గదిలో ఒంటరిగా కూర్చుని దూరదేశాలతో మాట్లాడతాడు కాబట్టి ఇది ఒంటరి వ్యాపకంలా కనిపిస్తుంది. నిజానికి ఇది క్లబ్బులను ఆశ్రయించి పెరిగిన విద్య. పుస్తకాలు లేని రోజుల్లో తీగ ఎలా చుట్టాలో, ఏరియల్ ఎంత ఎత్తున కట్టాలో పక్కవీధి కుర్రాడిని అడిగే నేర్చుకోవాలి. పంపిన సంకేతం సరిగా పోతోందో లేదో తెలియాలంటే అవతల వినేవాడు ఒకడు ఉండాలి. అందుకే ఈ విద్యకు తొలినుంచీ క్లబ్బే పాఠశాల అయింది.

నేపథ్యం

మార్కోనీ 1901 డిసెంబరు 12న ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నట్టు ప్రకటించడంతో వైర్‌లెస్ మాట ఇంటింటా వినిపించసాగింది. ఆ తర్వాతి పదేళ్లలో అమెరికా నగరాల్లోని వందలాది కుర్రాళ్లు సొంతంగా పరికరాలు చేసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి లైసెన్సు లేదు, కాల్ సైన్ లేదు. ఎవరికి వారే తమ పేరులోని పొడి అక్షరాలను గుర్తుగా పెట్టుకునేవారు.

ఆనాటి ఇంటి స్టేషన్ ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూద్దాం. బల్ల మీద ఒక ఇండక్షన్ కాయిల్. దాని పక్కన రెండు లోహపు గుండ్ల నడుమ సన్నని ఖాళీ. గాజు సీసాలకు లోపలా బయటా తగరపు రేకు చుట్టి చేసిన కెపాసిటర్లు. మోర్స్ కీ నొక్కితే ఆ ఖాళీలో చిటచిటమంటూ నీలి నిప్పురవ్వ లేస్తుంది. నొక్కినంతసేపూ రవ్వ, వదిలితే నిశ్శబ్దం. పొట్టి మోత చుక్క, పొడుగు మోత గీత. వినడానికి గలీనా అనే సీసపు ఖనిజపు ముక్క ఒకటి, దాని మీద ఆనీ ఆనకుండా నిలిపే సన్నని తీగ ఒకటి. ఆ తీగను పిల్లిమీసం అనేవారు. రాయి మీద పలికే చోటు ఎక్కడుందో తీగను కదుపుతూ ఊపిరి బిగబట్టి వెతకాలి. వీధిలో బండి వెళ్లిన అదురుకే తీగ జరిగిపోతుంది. మళ్లీ మొదటినుంచి వెతకాలి. ఇంత ఓర్పుతో విన్న కుర్రాడికి హెడ్‌ఫోన్లలో ఓడల మాటలు, నౌకాదళం మాటలు, పక్కవీధి మిత్రుడి మాటలు చుక్కలూ గీతలుగా వినిపించేవి.

స్థాపన

క్లబ్బు పుట్టుక వెనుక విమానాల మీద మోజు ఒకటి ఉంది. విమాన నమూనాలు రూపొందించిన తొలితరం మహిళ ఇ. లిలియన్ టాడ్ న్యూయార్క్‌లో పిల్లల కోసం జూనియర్ ఏరో క్లబ్ నడిపేది. అక్కడ బొమ్మ విమానాలు చేసే పిల్లల్లో కొందరికి వైర్‌లెస్ మీదా మనసు పడింది. వాళ్లే 1909 జనవరి 2న బ్రాడ్‌వే వీధిలోని అన్సోనియా హోటల్లో సమావేశమై జూనియర్ వైర్‌లెస్ క్లబ్ పెట్టుకున్నారు.

అన్సోనియా కట్టించిన ధనికుడు డబ్ల్యూ.ఇ.డి. స్టోక్స్ కొడుకు, తండ్రి పేరే పెట్టుకున్న జూనియర్ స్టోక్స్, తొలి అధ్యక్షుడు. అప్పటికి ఆ పిల్లవాడి వయసు పన్నెండేళ్లు. జార్జ్ ఎల్ట్జ్, ఫ్రెడరిక్ సేమౌర్, ఫ్రాంక్ కింగ్, ఫెటూట్ మన్ మొదలైనవారు తొలి సభ్యులు. మాటను, సంగీతాన్ని రేడియోలో పంపడానికి మొదట పూనుకున్నవారిలో ఒకరైన రెజినాల్డ్ ఫెసెండెన్ ఈ పిల్లల క్లబ్బుకు సలహా ఇంజనీరుగా ఉండటానికి ఒప్పుకున్నాడు. అప్పటికే పేరు మోసిన శాస్త్రజ్ఞుడు ఆయన.

మొదట్లో సమావేశాలు సభ్యుల ఇళ్లలోనే జరిగేవి. వెస్ట్ 107వ వీధిలోని ఫ్రాంక్ కింగ్ ఇల్లు వారికి ముఖ్యమైన స్థావరం. ఎఫ్.కె. అన్నవే అతని స్టేషన్ గుర్తులు. ఒకరు కొత్తగా చేసిన పరికరం తెచ్చి చూపిస్తే, తక్కినవాళ్లు దాన్ని విప్పి చూసి, లోపం ఎక్కడుందో చెప్పేవారు. తెలిసినదాన్ని దాచుకోకుండా నలుగురిలో పెట్టడం ఆ ఇంట్లో మొదలై, ఆ తర్వాత క్లబ్బు స్వభావంగా స్థిరపడింది.

సెనేట్ సంఘం ముందు

నిప్పురవ్వతో పుట్టే తరంగం ఒకే చోట నిలవదు, పౌనఃపున్యాల మీద వెడల్పుగా పరుచుకుంటుంది. కుర్రాళ్ల స్టేషన్లు పెరిగేకొద్దీ నౌకాదళం, వైర్‌లెస్ కంపెనీలు తమ సందేశాలకు అడ్డం వస్తోందని ఫిర్యాదు చేశాయి. 1910లో న్యూయార్క్ సెనేటర్ చాన్సీ డెప్యూ ప్రతిపాదించిన బిల్లు అమల్లోకి వస్తే ఔత్సాహికులకు గాలిలో చోటు దొరకడం కష్టమయ్యేది.

క్లబ్బు ఊరుకోలేదు. సభ్యులు బృందంగా వాషింగ్టన్ బయలుదేరారు. 1910 ఏప్రిల్ 28న పద్నాలుగేళ్ల స్టోక్స్ సెనేట్ సంఘం ముందు నిలబడి ఔత్సాహికుల వాదన వినిపించాడు. ఆ బిల్లు చట్టం కాలేదు. ఒక స్థానిక క్లబ్బు రేడియో చట్టం విషయంలో ప్రభుత్వంతో నేరుగా మాట్లాడిన తొలి సందర్భాల్లో ఇదొకటి. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఒంటరిగా ఆ సభలో చోటు దొరికేది కాదు. వెనుక క్లబ్బు ఉంది కాబట్టి దొరికింది.

తర్వాతి సంవత్సరం సభ్యులు పెద్దవాళ్లవుతూ ఉండటంతో పేరులోని జూనియర్ అనే మాట పొసగలేదు. 1911 అక్టోబరు 21న క్లబ్బు రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా అని పేరు మార్చుకుంది.

1912 చట్టం, 200 మీటర్ల గీత

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగిపోయింది. వైర్‌లెస్ వల్లే 700 మందికి పైగా బతికి బయటపడ్డారు. గాలిలో క్రమశిక్షణ లేకపోతే ఎంత ప్రమాదమో కూడా ఆ దుర్ఘటనతో లోకానికి తెలిసింది. అమెరికా ప్రభుత్వం ఆ ఆగస్టు 13న రేడియో చట్టం చేసింది. దాని ప్రకారం ఔత్సాహికులకు లైసెన్సు తప్పనిసరి అయింది. వాడుకునే శక్తి ఒక కిలోవాట్ దాటకూడదు, తరంగదైర్ఘ్యం 200 మీటర్లకు మించకూడదు అని నియమం వచ్చింది.

ఈ 200 మీటర్ల గీత వెనుక ఒక నమ్మకం ఉంది. తరంగం ఎంత పొడుగైతే అంత దూరం పోతుందని ఆనాటి ఇంజనీర్లు అనుకునేవారు. పెద్ద కంపెనీలు వేల మీటర్ల తరంగాలతో, కొండంత కేంద్రాలతో సముద్రాలు దాటించేవి. 200 మీటర్లకు దిగువ ఉన్నదంతా పనికిరాని బీడు భూమి అన్న లెక్కతో దాన్ని ఔత్సాహికులకు వదిలేశారు. ఆ బీడులోనే బంగారం పండుతుందని రుజువు చేసే అవకాశం తొమ్మిదేళ్ల తర్వాత ఈ క్లబ్బుకు వచ్చింది.

ఆర్మ్‌స్ట్రాంగ్, కొలంబియా సభలు

క్లబ్బు సభ్యుల్లో అందరికన్నా ప్రసిద్ధుడు ఎడ్విన్ హొవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1890 డిసెంబరు 18న న్యూయార్క్‌లో పుట్టి, యాంకర్స్ పట్టణంలో పెరిగాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఇంటి పెరట్లో 125 అడుగుల ఏరియల్ స్తంభం తానే నిలబెట్టాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ 1912లో రీజెనరేటివ్ సర్క్యూట్ కనిపెట్టాడు. వాల్వు (వాక్యూమ్ ట్యూబ్) నుంచి బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని మళ్లీ దాని మొదటికే పంపి, వందల రెట్లు బలపరచడం దీని కిటుకు. అంతవరకు చెవి నొక్కిపెట్టి వింటే గాని వినపడని దూరదేశపు సంకేతాలు ఇప్పుడు గదంతా వినిపించాయి. దీనికి 1914 అక్టోబరు 6న పేటెంట్ వచ్చింది.

క్లబ్బు సభలు ఈ కాలంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగేవి. సభ్యులు తమ ప్రయోగాల మీద పత్రాలు చదివేవారు. వాటిని ప్రొసీడింగ్స్ పేరుతో అచ్చు వేసేవారు. చదివినవాళ్లలో విద్యార్థులు ఉండేవారు, కంపెనీ ఇంజనీర్లు ఉండేవారు, ఇంట్లో ప్రయోగాలు చేసుకునేవారూ ఉండేవారు. డిగ్రీ ఏమిటని ఎవరూ అడగలేదు. పరికరం పనిచేసిందా లేదా అన్నదే ప్రశ్న. ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత క్లబ్బు అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. ప్రపంచఖ్యాతి వచ్చాక కూడా పాత మిత్రుల క్లబ్బును విడిచిపెట్టలేదు.

యుద్ధకాలం

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగగానే ఔత్సాహిక స్టేషన్లన్నీ మూయించారు. పంపడమే కాదు, వినడం కూడా నిషేధం. ఏరియల్ తీగలు దింపించారు. క్లబ్బు సభ్యుల్లో చాలామంది సైన్యంలోనూ నౌకాదళంలోనూ రేడియో పనుల్లో చేరారు. ఆర్మ్‌స్ట్రాంగ్ సైన్యపు సిగ్నల్ విభాగంలో చేరి పారిస్ వెళ్లాడు. అక్కడే 1918లో సూపర్‌హెటెరోడైన్ రిసీవర్ రూపొందించాడు. వచ్చిన సంకేతాన్ని ముందు ఒక స్థిరమైన మధ్యస్థ పౌనఃపున్యానికి మార్చి, అక్కడ తీరిగ్గా బలపరిచే పద్ధతి ఇది. మన ఇళ్లలోని ట్రాన్సిస్టర్లు, టీవీలు దశాబ్దాల పాటు ఈ సూత్రం మీదే పనిచేశాయి. మరో సభ్యుడు హ్యారీ శాడెన్‌వాటర్ 1919 మేలో అట్లాంటిక్ దాటడానికి బయలుదేరిన అమెరికన్ నౌకాదళపు ఎన్‌సీ-1 విమానంలో రేడియో అధికారిగా వెళ్లాడు.

1919 అక్టోబరులో ఔత్సాహికులకు మళ్లీ సంకేతాలు పంపే అనుమతి దొరికింది.

1బీసీజీ: సముద్రం దాటిన సందేశం

200 మీటర్ల తరంగాలు అట్లాంటిక్ దాటగలవా లేదా తేల్చుకోవాలని హామ్‌ల దేశవ్యాప్త సంస్థ అమెరికన్ రేడియో రిలే లీగ్ 1921 ఫిబ్రవరిలో ఒక పరీక్ష జరిపింది. అమెరికా హామ్‌లు పంపారు, ఇంగ్లండ్ హామ్‌లు విన్నారు. ఏమీ వినపడలేదు. లోపం పంపేవాళ్లదా, వినేవాళ్లదా తేలలేదు. డిసెంబరులో మళ్లీ పరీక్ష పెట్టి, ఈసారి వినడానికి అమెరికా నుంచే ఒక నిపుణుణ్ణి పంపాలని నిర్ణయించారు. ఎంపికైనవాడు పాల్ గాడ్లీ. రిసీవర్ల తయారీలో ఆ రోజుల్లో అతనికి సాటి లేరని పేరు.

వినేవాడు గట్టివాడైతే పంపే స్టేషన్ కూడా గట్టిగా ఉండాలని రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా సభ్యులు ఆరుగురు నడుం కట్టారు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, జార్జ్ బర్గార్డ్, ఎర్నెస్ట్ అమీ, జాన్ గ్రినన్, వాకర్ ఇన్‌మన్, మింటన్ క్రాంకైట్. న్యూయార్క్‌కు పొరుగున కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీనిచ్‌లో క్రాంకైట్‌కు స్థలం ఉంది, అతనికి 1బీసీజీ అనే కాల్ సైన్ ఉంది. కొద్ది వారాల్లోనే అక్కడొక చిన్న గుడిసెలో ట్రాన్స్‌మిటర్ కట్టారు. పైన ఏరియల్, కింద చుట్టూ గొడుగు ఊచల్లా పరిచిన తీగలు.

అసలు నేర్పు లోపలి అమరికలో ఉంది. ఆనాటి మామూలు వాల్వు ట్రాన్స్‌మిటర్‌లో తరంగం పుట్టించే వాల్వే ఏరియల్‌కూ శక్తి అందించేది. గాలికి ఏరియల్ ఊగితే తరంగమూ ఊగిపోయేది. వినేవాడికి స్వరం జారిపోతూ ఉండేది. 1బీసీజీలో ఒక వాల్వును తరంగం పుట్టించడానికే కేటాయించి, మరో మూడింటిని దాన్ని బలపరచడానికి పెట్టారు. అందువల్ల బయట గాలి ఎంత వీచినా స్వరం నిలకడగా ఉండేది. మొత్తం వాడిన శక్తి సుమారు 990 వాట్లు, అంటే ఇప్పటి ఇస్త్రీ పెట్టె వాడుకునేంత. ఆ పరీక్షకు నెల ముందే, 1921 నవంబరులో, లాంగ్ ఐలాండ్‌లోని రాకీ పాయింట్ దగ్గర ఒక పెద్ద కంపెనీ సముద్రాంతర కేంద్రం మొదలైంది. అక్కడి ఒక్కొక్క యంత్రం శక్తి 200 కిలోవాట్లు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే క్లబ్బు చేయబూనిన సాహసం ఎంతటిదో తెలుస్తుంది.

అవతల గాడ్లీ స్కాట్లాండ్ పశ్చిమ తీరాన ఆర్డ్రోసాన్ అనే ఊరు ఎంచుకున్నాడు. సముద్రం ఒడ్డున ఖాళీ పొలంలో గుడారం వేశాడు. అమెరికా వైపు గురిపెట్టి, నేలకు కొద్ది ఎత్తులో, కర్రల మీదుగా సుమారు 1,300 అడుగుల పొడుగున ఒకే తీగ లాగాడు. కనిపెట్టిన ఇంజనీరు పేరు మీద దీన్ని బెవరేజ్ ఏరియల్ అంటారు. ఒక దిక్కు నుంచి వచ్చేదాన్నే పట్టుకోవడం దీని గుణం. మార్కోనీ కంపెనీకి చెందిన డి.ఇ. పియర్సన్ అతని పక్కన సాక్షిగా కూర్చున్నాడు. డిసెంబరు నెల, స్కాట్లాండ్ చలి, వాన, సముద్రపు గాలి. తడిసిన గుడారంలో చిన్న స్టవ్వు వేడి మోకాళ్ల దాకా కూడా రాదు. ఓవర్‌కోట్లు విప్పకుండానే, హెడ్‌ఫోన్లు తీయకుండానే, రాత్రంతా కూర్చుని తెల్లవారే దాకా విన్నారు. గాడ్లీ బల్ల మీద ఉన్నది ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటెరోడైన్ పద్ధతి రిసీవరే.

డిసెంబరు 11న 1బీసీజీ స్వరం తేటగా వచ్చింది. కీ దగ్గర గ్రినన్. గాడ్లీకి హృదయపూర్వక అభినందనలు చెబుతూ, కింద ఆరుగురి పేర్లతో ఒక చిన్న సందేశం. ఔత్సాహికుల తరంగాల మీద అట్లాంటిక్ దాటిన తొలి పూర్తి సందేశం ఇదే. సుమారు 5,000 కిలోమీటర్లు. సందేశం పంపినవాళ్లలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు, దాన్ని విన్న పెట్టెలో అతని ఆలోచన ఉంది. సముద్రానికి రెండు ఒడ్డులా ఆ రాత్రి పనిచేసింది ఒక్క క్లబ్బులో పెరిగిన విద్య.

పరీక్షల ఫలితం

ఆ కొద్ది రాత్రుల్లో గాడ్లీ ముప్పై దాకా అమెరికన్ స్టేషన్లను విన్నాడు. వాటిలో ఎక్కువ భాగం వాల్వులతో నిరంతర తరంగం పంపినవే. నిప్పురవ్వ స్టేషన్లు వెనకబడ్డాయి. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే హామ్‌లు నిప్పురవ్వలను వదిలేసి వాల్వుల వైపు మళ్లారు. 1923 నవంబరులో అమెరికా హామ్‌లు ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్ ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉన్న లియోన్ డెలోయ్‌తో సుమారు 100 మీటర్ల తరంగం మీద రెండు వైపులా మాట్లాడారు. 200 మీటర్లకు దిగువన బీడు లేదని, నిజానికి పొట్టి తరంగాలే ఆకాశపు అయనావరణానికి తగిలి వంగి భూగోళమంతా తిరగగలవని తేలిపోయింది. తర్వాత వచ్చిన షార్ట్‌వేవ్ ప్రసారాలన్నీ ఈ దారినే నడిచాయి. ఇది చూశాక కంపెనీలు కూడా పొట్టి తరంగాల వైపే తిరిగాయి.

1బీసీజీ ఉన్న స్థలంలో 1950 అక్టోబరులో క్లబ్బు ఒక స్మారక శిల నిలబెట్టింది.

ఎఫ్.ఎం. వినిపించిన ఇల్లు

మెరుపులు, మోటార్లు, స్విచ్చులు పుట్టించే గరగరను రేడియో నుంచి తొలగించాలని ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి శ్రమించాడు. తరంగం ఎత్తును మార్చడం మానేసి పౌనఃపున్యాన్ని మార్చితే గరగర పోతుందని కనుగొని, 1933 డిసెంబరు 26న పేటెంట్లు పొందాడు. ఇదే ఎఫ్.ఎం.

1935 నవంబరులో న్యూయార్క్‌లో రేడియో ఇంజనీర్ల సభ జరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పత్రం చదివాడు. ఆ తర్వాత రిసీవర్ ఆన్ చేశాడు. ప్రసారం వస్తున్నది యాంకర్స్‌లోని కార్మన్ రన్యన్ ఇంటి నుంచి. రన్యన్ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్ననాటి మిత్రుడు, క్లబ్బు సభ్యుడు, హామ్. అతని ఇంటి స్టేషన్ కాల్ సైన్ డబ్ల్యూ2ఏజీ. మొదట నిశ్శబ్దం. ఇంజనీర్లు అంతటి నిశ్శబ్దాన్ని రేడియోలో ఎన్నడూ ఎరగరు. ఆ తర్వాత గ్లాసులో నీళ్లు పోస్తున్న చప్పుడు, కాగితం నలిపి చింపుతున్న చప్పుడు, పక్కగదిలో జరుగుతున్నంత స్పష్టంగా వినిపించాయి. కొత్త విద్యను లోకానికి వినిపించడానికి ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక కంపెనీ కేంద్రాన్ని ఎంచుకోలేదు, స్నేహితుడి ఇంటిని ఎంచుకున్నాడు. ఆ ఏడాదే క్లబ్బు ఆయన పేరు మీద ఆర్మ్‌స్ట్రాంగ్ పతకం నెలకొల్పింది.

ఆర్మ్‌స్ట్రాంగ్ చివరి సంవత్సరాలు పేటెంట్ దావాల్లో నలిగిపోయాయి. రీజెనరేటివ్ సర్క్యూట్ దావాలో 1934లో సుప్రీంకోర్టు తీర్పు మరో ఆవిష్కర్త లీ డి ఫారెస్ట్ పక్షాన వచ్చింది. ఎఫ్.ఎం. మీద పెద్ద కంపెనీలతో సాగిన పోరు ఆయనను కుంగదీసింది. 1954 జనవరి 31 రాత్రి ప్రాణం తీసుకున్నాడు. ఆయన భార్య మేరియన్ ఆ దావాలు విడిచిపెట్టకుండా నడిపి, కొన్నిట్లో రాజీతో, తక్కినవాటిలో తీర్పుతో నెగ్గింది. లోకం ఆలస్యంగా ఒప్పుకున్న మేధావిని క్లబ్బు మొదటినుంచీ తనవాడిగా గౌరవించింది.

తర్వాతి కాలం

సభ్యులు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు మొదలైన క్లబ్బు, వాళ్లు ఇంజనీర్లు, ఆచార్యులు, కంపెనీ అధిపతులు అయ్యేసరికి రేడియో వృత్తిలోని వారందరినీ కలిపే సంఘంగా మారింది. ఇప్పుడది రేడియో రంగంలో కృషి చేసినవారికి పతకాలు, ఫెలోషిప్పులు ఇస్తుంది. బడిపిల్లలకు రేడియో నేర్పే కార్యక్రమాలు నడుపుతుంది. 2009లో నూరేళ్లు నిండాయి.

ఇతర స్థానిక క్లబ్బులు

న్యూయార్క్ క్లబ్బుకు తోడబుట్టినవనదగ్గ సంఘాలు అదే కాలంలో మరికొన్ని పుట్టాయి. ఆస్ట్రేలియాలో 1910లో మొదలైన సంఘం తర్వాత జాతీయ సంస్థ అయింది. ఇంగ్లండ్‌లో 1911లో డెర్బీ వైర్‌లెస్ క్లబ్, 1913లో లండన్ వైర్‌లెస్ క్లబ్ వచ్చాయి. లండన్ క్లబ్బే ఇప్పటి రేడియో సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్ సభ్యుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1914లో ఒక రాత్రి పొరుగూరి హామ్‌తో మాట్లాడాలని చూశాడు, సంకేతం అంత దూరం పోలేదు. మధ్యలో ఉన్న మరో ఊరి హామ్ ఆ మాటను అందుకుని అవతలికి అందించాడు. ఇలాంటి చేతిమార్పిడిని దేశమంతా ఏర్పాటు చేస్తే బాగుంటుందని క్లబ్బులో ప్రతిపాదించాడు. అమెరికన్ రేడియో రిలే లీగ్ అలా పుట్టింది. అంటే దేశవ్యాప్త సంస్థలకు కూడా వేరు ఊరి క్లబ్బులోనే ఉంది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో తొలి ఔత్సాహిక రేడియో నిర్వాహకుడిగా 1921లో కాల్ సైన్ పొందిన అమరేంద్ర చంద్ర గుప్తును చెబుతారు. మన దేశపు కాల్ సైన్లు ఇప్పుడు వీయూ అక్షరాలతో మొదలవుతాయి. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామ్. ఆయన కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ.

తెలుగు నేల మీద ఈ విద్యకు ప్రధాన స్థావరం హైదరాబాద్ సోమాజిగూడలోని రాజ్‌భవన్ రోడ్డులో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఇది 1983లో ఏర్పడింది. లైసెన్సు పరీక్షకు శిక్షణ ఇవ్వడం, విపత్తుల్లో సమాచార సేవ అందించడం దీని ముఖ్యమైన పనులు. 1987 తర్వాత హామ్‌లకు మూగబోయిన అండమాన్ దీవుల నుంచి మళ్లీ ప్రసారం చేయడానికి ఈ సంస్థ తరఫున భారతి ప్రసాద్ అనుమతి సాధించారు. 2004 డిసెంబరు మొదట్లో ఆమె బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోని ఒక హోటల్లో వీయూ4ఆర్‌బీఐ పేరుతో స్టేషన్ పెట్టింది. ప్రపంచంలోని వేలమంది హామ్‌లు ఆ దీవుల పలకరింపు కోసం వరుసలో నిలబడ్డారు. డిసెంబరు 26 ఆదివారం ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదా పలకరింపుల కోసం తెచ్చుకున్న రేడియోలే అప్పుడు దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య వంతెన అయ్యాయి. ఫలానావారు క్షేమం, ఫలానావారి జాడ కావాలి అన్న కబుర్లు మోశాయి. బృంద సభ్యుడొకరు కార్ నికోబార్ వెళ్లి అక్కడా స్టేషన్ పెట్టారు.

ఆ తర్వాత నాలుగు నెలలకు, 2005 మే 5న, నెల్లూరు తీరంలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ హామ్‌శాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సుమారు 43 కిలోల ఈ చిన్న ఉపగ్రహం ప్రపంచంలోని హామ్‌లందరి వాడకానికీ భారత్ ఇచ్చిన కానుక. ఇందులో సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మన దేశంలో చేసింది, రెండోది నెదర్లాండ్స్ విద్యార్థి ఒకరు చేసింది. అది 2014 జూలై దాకా పనిచేసింది.

ప్రాముఖ్యం

రేడియో చరిత్ర చెప్పేటప్పుడు మార్కోనీ, డి ఫారెస్ట్, ఆర్మ్‌స్ట్రాంగ్ వంటి పేర్లు విడివిడిగా వినిపిస్తాయి. ఈ క్లబ్బు కథ ఆ పేర్ల వెనుక ఉన్న గదిని చూపిస్తుంది. సెనేట్ ముందు ధైర్యంగా నిలబడిన పిల్లవాడికి వెన్ను క్లబ్బు. గ్రీనిచ్ గుడిసెలో ఒకరు స్థలం ఇచ్చారు, ఒకరు ఆలోచన ఇచ్చారు, ఒకరు కీ నొక్కారు. ఎఫ్.ఎం.కు ఇల్లు ఇచ్చింది చిన్ననాటి స్నేహం. పోర్ట్‌బ్లెయిర్‌లో సునామీ రోజున పనికొచ్చింది కూడా ఏళ్లుగా ఒక సంస్థలో కలిసి నేర్చుకున్న అలవాటే.

భారతదేశంలో హామ్ లైసెన్సు పరీక్ష రాయడానికి కనీస వయసు పన్నెండేళ్లు. అన్సోనియా హోటల్లో ఆ జనవరి రోజున అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న పిల్లవాడి వయసూ అంతే.